ఒత్తిడిలో పడిన కణం మేల్కొంటుందా, డీలా పడుతుందా?

ప్రశ్న: ఉస్మానియా క్యాంపస్‌లో జీవశాస్త్రం చదువుతున్నాను. కణం ఒత్తిడికి లోనైతే రోగనిరోధక కణాలు చురుకవుతాయా, నీరసిస్తాయా?
– ఒక విద్యార్థిని, తార్నాక

జవాబు: రెండూ జరుగుతాయమ్మా. ఏ ఒత్తిడి, ఏ కణానికి, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

మీ క్యాంపస్ పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. పోషకాహారం అనగానే ఒక ప్రశ్న వస్తుంది: తిండి చాలని పిల్లలకు జబ్బులు ఎందుకు తేలిగ్గా అంటుకుంటాయి? థైమస్ గ్రంథి కుంచించుకుపోవడం, జింకు, విటమిన్-ఎ లోపాలు కారణాలే. కణం లోపల జరిగేది మరొకటుంది. టి-కణం అనే రోగనిరోధక కణం చురుకైతే వేగంగా విభజన చెందాలి, అందుకు అమైనో ఆమ్లాలు కావాలి. అవి కొరవడడమే కణానికి ఒత్తిడి; అప్పుడు వాటిని మోసే టి-ఆర్‌ఎన్‌ఏలు ఖాళీగా మిగులుతాయి. జీసీఎన్2 అనే ఎంజైము దీన్ని పసిగట్టి, ఈఐఎఫ్2-ఆల్ఫా అనే ప్రొటీనుకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. దాంతో ప్రొటీన్ల తయారీ చాలావరకు ఆగుతుంది. ట్రిప్టోఫాన్ కరువైనచోట టి-కణాల విభజన నిలిచిపోవడంలో జీసీఎన్2 పాత్రను 2005లో ఎలుకల మీద ప్రయోగాలు చూపించాయి. కొన్ని కణితులు ట్రిప్టోఫాన్‌ను హరించి టి-కణాలను అణచివేస్తాయి. నన్ను బాగా కలవరపెట్టే విషయమిది.

బి-కణం దారి వేరు. ప్లాస్మా కణమయ్యాక సెకనుకు వేల యాంటీబాడీలు తయారుచేస్తుంది. సరిగా మడతపడని ప్రొటీన్లు పేరుకుని కణం ఒత్తిడికి లోనైనప్పుడు పనిచేసే ఎక్స్‌బీపీ1 అనే ప్రొటీను లేకపోతే ఆ ఉత్పత్తి బాగా పడిపోతుంది. అంటే ఇక్కడ ఒత్తిడి స్పందనే బలం.

పరీక్షల టెన్షన్‌ను మాత్రం దీనితో కలపకండి. అది ముఖ్యంగా కార్టిసాల్ వంటి హార్మోన్ల ద్వారా నడుస్తుంది.