ఉదయము పోయి సాయంత్రము వచ్చు విహారము : గుంటూరు కేంద్రముగా మూడు దినముల రైలు ప్రయాణ ప్రణాళిక

విహారము అనగానే మనలో పెక్కుమందికి ఊటీయో, కాశ్మీరమో, సినిమాలలో చూచిన మంచుకొండలో తలపునకు వచ్చును. అంత దూరము పోవుటకు మన ఇండ్లలో ధనమును చాలదు, తీరికయు చాలదు. అందుచే "విహారము మన ఇంటి మాట కాదు" అని ఊరకుందుము. మన ప్రాంతమున సామాన్య కుటుంబము రైలెక్కునది పెండ్లికో, పరామర్శకో, ఆసుపత్రికో మాత్రమే. మన విద్యార్థులలో సీజను టికెట్టుతో ప్రతిదినము రైలులో వచ్చువారు గలరు. తమ ఊరికిని కళాశాలకును నడుమనున్న స్టేషనుల పేర్లు వారికి కంఠస్థము. కాని ఆ పట్టాలు తమ ఊరు దాటి ఎచ్చటికి పోవునో చూచినవారు కొద్దిమందియే. సముద్రము ఒక పూట ప్రయాణములో నుండగా, దానిని చూడకయే పట్టభద్రులగువారు మా తరగతులలో ఏటేట కనిపించుచున్నారు. పాఠ్యగ్రంథములో దేశము నంతటిని చదివి, తన జిల్లాను చూడకుండుట విద్యలో ఒక లోటే యగును.

ఈ వ్యాసమున మేము చెప్పదలచిన విషయ మొక్కటే. ఒక పట్టణమున బసచేసి, ఉదయపు బండిలో పోయి సాయంకాలపు బండిలో తిరిగి వచ్చు పద్ధతిని అనుసరించినచో మూడు దినముల విహారము సామాన్య గృహస్థునకును సాధ్యమే. అయితే ప్రతి దినమును తిరుగు బండి నుండి వెనుకకు లెక్కించి అమర్చుకొనవలెను.

పూర్వుల త్రోవ

ప్రయాణమును విద్యగా భావించుట మనకు క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణము నుండి కాశికి పోయివచ్చి, మజిలీలను, దారులను, ఊళ్ళలో దొరకు వసతులను దినచర్యగా వ్రాసి యుంచిరి. అదియే 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'. ఉర్దూలో మొదటి యాత్రా గ్రంథకర్తగా పేరొందిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ హైదరాబాదువాడు. ఆయన 1837లో ఇంగ్లండు పోయి, తాను చూచినదానిని గ్రంథముగా వ్రాసెను. అది 1847లో వెలువడినది. మన కళాశాలలో బోధింపబడు రెండు భాషలకును ఇట్టి వారసత్వము గలదు.

ఒక్క దినపు రైలు విహారమునకు కూడ చరిత్ర యున్నది. 1841 జూలై 5వ తేదీన ఇంగ్లండులో థామస్ కుక్ అను నతడు సుమారు ఐదువందల మందిని లెస్టరు నుండి లఫ్‌బరోకు రైలులో తీసికొనిపోయి, నాటి సాయంత్రమునకే తిరిగి చేర్చెను. వారు పోయిన దూరము పదకొండు మైళ్ళు. రుసుము మనిషికి ఒక షిల్లింగు. వారిలో పెక్కురు శ్రామికులు. ధనికుల సొత్తుగానుండిన విహారమును సామాన్యుల చేతికి తెచ్చినది ఆ పదకొండు మైళ్ళ ప్రయాణమువంటి ప్రయత్నములే.

గుంటూరే ఏల?

గుంటూరు నుండి రైలు మార్గములు నాలుగు వైపులకు చీలును. ఉత్తరమున మంగళగిరి మీదుగా విజయవాడకు ఒకటి. తూర్పున తెనాలికి ఒకటి. పడమట నరసరావుపేట, వినుకొండల మీదుగా నంద్యాలకు ఒకటి. వాయవ్యమున సత్తెనపల్లి, నడికుడిల వైపునకు ఒకటి. తెనాలి చేరినచో మద్రాసు పోవు పెద్ద మార్గము కలియును. కావున ఒక్క ఊరిలో నుండి ఒక్కొక్క దినము ఒక్కొక్క దిక్కునకు పోవచ్చును.

ఒకేచోట బసచేయుటలో మూడు లాభములు గలవు. మొదటిది, సామాను మోయు పని లేదు. ఒక సంచి, నీళ్ళ సీసా చాలును. రెండవది, వృద్ధులు అలసినచో మరునాడు బసలోనే విశ్రమింపవచ్చును. తక్కినవారి ప్రయాణము ఆగదు. మూడవది ముఖ్యమైనది. మన ఇండ్లలో ఆడపిల్లలను విహారమునకు పంపుటకు తల్లిదండ్రులు జంకుటకు పెద్ద కారణము రాత్రి బస. "పొద్దు గూకక ముందే బండి ఎక్కెదము, ఇషా వేళకు ఇల్లు చేరెదము" అని కాగితముపై బండి పేరు, వేళ వ్రాసి చూపగలిగినచో అనుమతి లభించుటకు అవకాశ మెక్కువ. మంచి ప్రణాళిక వేళలను కూర్చుటతోపాటు పెద్దల నమ్మకమును కూడ సంపాదించును.

కాల నిర్ణయము

మన నల్లరేగడి సీమలో సెలవు దినములను కాలెండరు ఒక్కటే నిర్ణయింపదు. పైరు కూడ నిర్ణయించును. జనవరి నుండి మిరపకోతలు, కల్లములలో కాయ ఆరబెట్టుట ప్రారంభమగును. అప్పుడు పొలము గల ఇంట ప్రతి చేయియు కావలెను. ఏప్రిలు, మే నెలలలో తీరిక దొరకును గాని ఎండ భరింపరానిది. అక్టోబరు, నవంబరు తుపానుల కాలము. 1977 నవంబరు 19న దివిసీమను, రేపల్లె ప్రాంతమును ముంచిన ఉప్పెనను మన పెద్దలు నేటికిని మరువలేదు. అందుచే డిసెంబరు మాసము, పత్తి ఒక తీతకును మరొక తీతకును నడుమ దొరకు విరామము, మా అభిప్రాయమున అనుకూలమైన సమయము. చలి స్వల్పము, పైరు చేనుమీద నుండును, కిటికీ ప్రక్కన కూర్చున్నవారికి కన్నుల పండువు.

వేళల పట్టికను చదువుట

రైళ్ళ వేళలు నేడు చేతిఫోనులోనే లభించుచున్నవి. అయినను పట్టికను చదువు విద్య వేరు. విద్యార్థులు ఈ క్రింది సూత్రములను గుర్తుంచుకొనవలెను.

ఒకటి: రైల్వేవారిది ఇరువదినాలుగు గంటల గడియారము. 17-40 అనగా సాయంత్రము ఐదు గంటల నలుబది నిమిషములు. అర్ధరాత్రి దాటగానే తేదీ మారును. 12వ తేదీ 0-10 గంటల బండికి 11వ తేదీ రాత్రియే స్టేషనుకు పోవలెను.

రెండు: పట్టికలో మొదట చూడవలసినది పోవు బండి కాదు, తిరుగు బండి. ఆ బండి ఆ వారమున నడచునా, మనము దిగిన స్టేషనులో ఆగునా అని విచారింపవలెను. చిన్న స్టేషనులలో ఎక్స్‌ప్రెస్ బండ్లు పెక్కు ఆగవు. చివరి బండికి ముందరి బండినే మన బండిగా నిశ్చయించుకొనవలెను. చివరిది ఆపద్బాంధవి, దానిని లెక్కలో చేర్చరాదు.

మూడు: తెనాలిలో బండి మారవలసి వచ్చినపుడు రెండు బండ్ల నడుమ కనీసము ముప్పావుగంట వ్యవధి నుంచవలెను. వంతెన మెట్లు ఎక్కి దిగవలసిన వృద్ధులకు అది అధికము కాదు.

నాలుగు: దారిలో దిగి మరల ఎక్కు సౌకర్యము ఐదువందల కిలోమీటర్లకు మించిన టికెట్టుకే గలదు. కనుక బాపట్లలో దిగి, పిదప చీరాల పోదలచినచో రెండు టికెట్లు వేరుగా కొనవలెను. సాధారణ టికెట్టుతో సూపర్‌ఫాస్టు బండి ఎక్కవలెనన్న అదనపు రుసుము చెల్లింపవలెను. అయిదేండ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. వృద్ధులకు పూర్వముండిన రాయితీ 2020 మార్చిలో నిలిచిపోయినది. పాత లెక్కను నమ్మి బయలుదేరరాదు.

మొదటి దినము : భట్టిప్రోలు

గుంటూరు నుండి తెనాలికి, తెనాలి నుండి రేపల్లెకు 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేవారు మార్గము వేసిరి. తెనాలి దాటిన పిదప కృష్ణ కాలువల మాగాణి. ఆ మార్గముననే వేమూరు, ఆవల భట్టిప్రోలు వచ్చును. ఇచ్చటి బౌద్ధ స్తూపమున 1892లో అలెగ్జాండరు రీ జరిపిన త్రవ్వకములలో రాతి పేటికలు బయల్పడినవి. వాటిపై ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలోని ఒక ప్రత్యేక భేదముతో శాసనములు గలవు. వాటిలో కుబీరకుడను రాజు పేరున్నది. అవి క్రీస్తునకు పూర్వపువి. తెలుగు లిపి పుట్టుపూర్వోత్తరములను చర్చించు పండితులు భట్టిప్రోలు అక్షరములను తప్పక ప్రస్తావింతురు. నేడచ్చట చూడదగినది ఇటుకల కట్టడము మాత్రమే. కాని "అ ఆ"లు దిద్దిన ప్రతి చేతికిని ఆ దిబ్బతో సంబంధమున్నదని తలచి చూచినచో అది వట్టి ఇటుకల గుట్టగా తోచదు.

రెండవ దినము : వేటపాలెము, సముద్రము

తెనాలి నుండి దక్షిణమునకు పోవు పెద్ద మార్గమున నిడుబ్రోలు, బాపట్ల, చీరాల, వేటపాలెము వరుసగా వచ్చును. బాపట్లలో 1913లో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. 2022 ఏప్రిలు నుండి అది జిల్లా కేంద్రము. చీరాల ప్రజలు 1921లో మునిసిపాలిటీ పన్నులకు నిరసనగా, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరు విడిచి, వెలుపల రామనగరమను పాకల ఊరు కట్టుకొని నెలల తరబడి నివసించిరి. చీరాలకు చేరువలోనున్న వేటపాలెములో 1918లో స్థాపింపబడిన సారస్వత నికేతనము గలదు. పాత తెలుగు పత్రికల సంపుటములకు ఈ గ్రంథాలయము పేరుపొందినది. మగ్గముల ఊరిలో ఇంతటి గ్రంథాలయము నిలిచినదన్న, చదువు ధనికుల పట్టణములకే పరిమితము కాదని తెలియును. సెలవు దినమును ముందుగా విచారించి పోవలెను.

సముద్రమునకు బాపట్ల నుండి సూర్యలంక, చీరాల నుండి వాడరేవు గలవు. రెండింటిలో ఒక్కదానినే ఎన్నుకొనవలెను. గ్రంథాలయము చూచువారికి వాడరేవు దగ్గర. లోతునకు పోరాదు, అలల లాగుడు ఈత వచ్చినవారికిని అపాయకరమే.

మూడవ దినము : వినుకొండ

పడమటి మార్గము మన పత్తి, మిరప చేల మార్గము. ఫిరంగిపురము ప్రాంతమున దక్షిణపు కిటికీలో కొండవీటి కొండలు కనిపించును. శ్రీనాథుడు విద్యాధికారిగా నుండినది ఆ కొండవీటి రెడ్డిరాజుల కొలువుననే. 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించెను. కుతుబ్‌షాహీల కాలమున ఆ సీమకు ముర్తుజానగరమను పేరు కలిగెను. బండి దిగకయే ఇంత చరిత్రను చూడవచ్చును.

వినుకొండ మహాకవి గుఱ్ఱము జాషువ 1895లో జన్మించిన ఊరు. అంటరానితనపు అవమానములను బాల్యముననే ఎరిగిన ఆ కవి, పారశీక మహాకవి ఫిరదౌసిపై 1932లో కావ్యము వ్రాసెను. రాజు మాట తప్పగా కవి పడిన వేదన అందలి వస్తువు. ఉర్దూ తరగతిలో ఫిరదౌసి పేరు వినువారును, తెలుగు తరగతిలో జాషువను చదువువారును ఒకే బండిలో కూర్చుండి ఈ ఊరికి పోదురుగాక. షాహ్‌నామా కర్త బాధను తన బాధగా గుర్తించినవాడు మన మిరపచేల సీమ వాడే. ఆయన 1971లో గుంటూరులోనే కన్నుమూసెను.

అమరావతి స్తూపమును కూడ చూడవలెనని కొందరందురు. అచ్చటికి ఎర్రుపాలెము - నంబూరు మార్గమును కేంద్ర మంత్రివర్గము 2024లో ఆమోదించినది. బస్సులో పోదలచినవారు దానికి వేరొక దినము కేటాయింపవలెను. మూడు దినములలో నాలుగు దినముల పని ఇరికించినచో ఏదియు చూచినట్లుండదు.

వ్యయము

ఒక కాగితముపై నాలుగు గడులు గీయవలెను: టికెట్లు, ఆటోలు, భోజనము, అనుకోని ఖర్చు. రైలు టికెట్టుకంటె స్టేషను నుండి ఊరిలోనికి పోవు ఆటోకే ఎక్కువ వ్యయమగుట తరచుగా జరుగును. కావున నలుగురైదుగురు కలిసి పోవుట మేలు. పగటి భోజనము ఇంటినుండి తెచ్చుకొన్నచో మూడవ గడి సగమగును. నాలుగవ గడిలోని సొమ్మును చివరి దినపు సాయంత్రము వరకు ముట్టరాదు. ఆ సొమ్ము మిగిలినచో ఇంటనుండి రాలేకపోయిన వారికి ఏదైన తెచ్చుట మర్యాద.

అభ్యాసము

విద్యార్థులు రాబోవు సెలవులలోగా ఈ మూడు పనులు చేయుదురుగాక. మీ ఊరికి సమీప స్టేషను నుండి ఒక దినములో పోయి రాదగిన మూడు ఊళ్ళను గుర్తించి, తిరుగు బండి వేళను మొదట వ్రాయుడు. ఆ ప్రణాళికను మీ తల్లిగారికి చదివి వినిపించి, ఆమె అడిగిన ప్రశ్నలకు జవాబులు కూర్చుడు. సాధ్యమైనచో ఆమెను కూడ తోడుకొనిపోవుడు. మన ఇండ్లలో అందరికంటె తక్కువ చూచినది ఆమెయే. తిరిగివచ్చిన పిదప చూచినదానిని తెలుగులోనో, ఉర్దూలోనో ఒక పుటకు మించకుండ వ్రాయుడు. వీరాస్వామయ్యగారు వ్రాసినట్లు, ఎచ్చట నీరు మంచిదో, ఎచ్చట నీడ దొరకునో కూడ వ్రాయుడు. వెనుక వచ్చు ప్రయాణికునకు అవియే ముందుగా కావలసినవి.