అమృతనామములు

గత వర్షర్తువునందు విజయనగర ప్రాంతపు కక్షిదారుడొకడు పొలము గట్టు తగవునుగూర్చి మాటాడుటకై నాయొద్దకు వచ్చెను. కాగితములు చూచుట ముగిసినను అతడు కుర్చీనుండి లేవలేదు. కొంతసేపటికి, "బాబూ, నాకు ఆడపిల్ల పుట్టింది. దీనికి ముందు ఇద్దరు పుట్టి నెల తిరక్కుండానే పోయారు. చావులేని పేరేదైనా ఉంటే చెప్పండి. మా అమ్మ మాత్రం పిల్లను తవుటికి అమ్మి, తవిటమ్మని పిలవమంటోంది" అనెను.

నేను న్యాయవాదిని గాని పురోహితుడను గాను. అయినను ఆ ప్రశ్న చాలదినములు నన్ను విడువలేదు. చావులేని పేరనగా నెట్టిది? అది బిడ్డకేమి చేయగలదు, ఏమి చేయజాలదు? ఉయ్యాలలో బిడ్డనుంచుకొని పేరు వెదకుచున్న ప్రతి తల్లికిని తండ్రికిని ఈ విచారము పనికివచ్చునని తలచి దీనిని వ్రాయుచున్నాను.

మొదట మాటల యర్థమును తెలిసికొందము. మనవారు ఈ భావముతో పెట్టు పేళ్లన్నియు నొక్కయర్థము గలవి కావు. అమృత, అమర, అమర్త్య యనునవి మరణార్థకమైన 'మృ' ధాతువునుండి పుట్టి, ముందు 'అ'కారముచే నిషేధింపబడినవి. గ్రీకులు తమ దేవతల యాహారమునకు పెట్టిన అంబ్రోసియా యను పేరును, ఐరోపాఖండపు క్రైస్తవులలో వినబడు ఆంబ్రోస్ అను పేరును ఈ మూలమునుండి వచ్చినవే. కాబట్టి ఆంబ్రోస్ అనువానిని మన భాషలో అమృతుడనవచ్చును. అక్షయ, అనంత, శాశ్వత యనునవి తరుగనిది, అంతములేనిది, ఎల్లప్పుడు నుండునది యని చెప్పునే గాని బ్రతుకును చెప్పవు. ధనమును అక్షయము కావచ్చును, ఆకాశమును అనంతము కావచ్చును. మన తెలుగు క్రైస్తవులు తమ వేదగ్రంథములోని నిత్యజీవమను మాటను మనసున నుంచుకొని జీవరత్నము, జీవన్ అని పెట్టుకొందురు. ఇవి బ్రతుకును నేరుగా చెప్పునవి. అరబ్బీలో హయాత్ అనగా జీవితము. గోలకొండ కుతుబ్‌షాహీల యింటి హయాత్ బక్షీ బేగము పేరునకు జీవమునొసగునది యని యర్థము. ఆమె 1667వ సంవత్సరమున గతించినది. హైదరాబాదు నుండి విజయవాడకు పోవు బాటలోని హయాత్‌నగరము ఆమె పేరిటిదే.

చిరంజీవి యను మాటయందు మనవారు తరచుగా పొరబడుచుందురు. దాని కర్థము చాలకాలము జీవించువాడని మాత్రమే, చావులేనివాడని కాదు. సంస్కృత నిఘంటువులలో కాకికిని ఆ పేరు గలదు. ఏడుగురు చిరంజీవులలో అశ్వత్థామ యొకడు. అతనికి దీర్ఘాయువు వరముగా రాలేదు. నిద్రించుచున్న బాలకులను చంపిన పాపమునకు శాపముగా వచ్చినది. ఊరక బ్రతుకుట మాత్రమే మేలు కాదని మన పురాణకర్తలకు తెలియును. అట్లయినను చిన్నవారికి జాబు వ్రాయునప్పుడు పేరునకు ముందు 'చి' యని వ్రాయుట మంచి యాచారమే. కాని పెండ్లి శుభలేఖలను చూడుడు. వరుని పేరుముందు చిరంజీవి యని యుండును. వధువు పేరుముందు చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి యని యుండును. సౌభాగ్యవతి యనగా భర్త జీవించియున్న స్త్రీ. వరుని యాయువును అతనికొరకే కోరితిమి. వధువు విషయమున భర్త యాయువును గూడ ఆమె పేరిటనే కోరితిమి. ఈ భేదము ముందు చెప్పబోవు దానికి సంబంధించినది గనుక పాఠకులు దీనిని మరవకుందురు గాక.

ఇక చావును మోసగించుటకు పెట్టు పేళ్లు గలవు. శ్రీకాకుళ విజయనగర మండలములలో తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అను పేళ్లవారు ఊరూరను గనబడుదురు. బిడ్డలు దక్కని తల్లి, పుట్టిన బిడ్డను పొరుగింటివారికి చేటెడు తవుటికి అమ్మినట్లు నటించి మరల తెచ్చుకొనును. బిడ్డ తనది కాదనియు, తవుటిపాటి వెల గలదనియు మృత్యువు నమ్మవలెనని ఆమె యాశ. తెలంగాణమునందలి పెంటయ్య, భిక్షమయ్య యను పేళ్లును ఈ జాతివే. ఒకడు పెంటకుప్పమీద పడవేసి యెత్తుకొన్నవాడు, మరియొకడు భిక్షముగా దొరకినవాడు. బంగాళమున మూడు గవ్వలకు కొన్నవానిని తీన్‌కొడి యనిరి. యూదులు మరియొక త్రోవ త్రొక్కిరి. ప్రాణాపాయమైన జబ్బున బడినవాని పేరునకు జీవమను నర్థముగల హయ్యిమ్ అను మాటను చేర్చిరి. మనవారు నీచమైన పేరుతో మృత్యువునుండి దాచిరి. వారు గొప్ప పేరుతో ఎదుర్కొనిరి. ఇరువురి భయమును ఒక్కటే.

చదువుకొన్నవారు ఈ పేళ్లను వినినప్పుడు నవ్వుచుందురు. నవ్వదగదు. 1971వ సంవత్సరమునందు సయితము మన దేశమున సజీవముగా పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 129 మంది యేడాది నిండకుండ చనిపోవుచుండిరి; అంతకు పూర్వపు సంగతి యింకను ఘోరము. 2020లో ఆ లెక్క 28కి దిగినది. తవుడుగాని పెంటకుప్పగాని దీనిని దింపలేదు. టీకాలును, శుభ్రమైన నీరును, చదివిన మంత్రసానులును, వైద్యశాలలలోని పురుళ్లును దింపినవి. అయినను అవేవియు లేని కాలమున తల్లిచేతిలో నున్న మందు పేరొక్కటే. ఆమె పిచ్చిదని నేననజాలను.

మనుస్మృతి రెండవ యధ్యాయమునందు పేళ్లనుగూర్చి యొక నియమము గలదు. బ్రాహ్మణునకు మంగళకరమైన పేరును, క్షత్రియునకు బలమును దెలుపు పేరును, వైశ్యునకు ధనమును దెలుపు పేరును, శూద్రునకు ఏవగింపు గలిగించు పేరును పెట్టవలెనట. పెంటయ్య యను మాట తల్లినోట వచ్చినప్పుడు బిడ్డను బ్రతికించుకొను నుపాయము. ఆ మాటయే శాస్త్రకారుని నోట వచ్చినప్పుడు మనుష్యుని పుట్టుకతోనే క్రిందికి త్రొక్కు సాధనము. మాట యొక్కటే, దానిని పలికిన హృదయములు వేరు. కాబట్టి పేరును పరీక్షించునప్పుడు నిఘంటువునొక్కదానినే చూచి తృప్తిపడరాదు. ఎవరు, ఎవరికి, ఏ తలపుతో పెట్టిరో చూడవలెను.

ఇందులకు మన కాలమున మిక్కిలి తగిన యుదాహరణమొకటి బంగాళమున గలదు. 1933వ సంవత్సరము నవంబరు 3వ తేదీన శాంతినికేతనమున క్షితిమోహన సేనుగారి కుమార్తె యమితాదేవికి మగబిడ్డ కలిగెను. క్షితిమోహనులు సంస్కృత పండితులు, అచటి విద్యాలయమున అధ్యాపకులు. రవీంద్రనాథ ఠాకూరుగారు, వాడిన పేళ్లనే మరల వాడుట యెందులకని, ఆ బిడ్డకు అమర్త్యుడని పేరు పెట్టిరి. మర్త్యలోకమనగా చావుగలవారి లోకము. అమర్త్యమనగా చావు లేనిది.

ఆ పేరు బిడ్డను చావుకు కనబడకుండ దాచలేదు. 1943లో బంగాళపు కరవు వచ్చినప్పుడు అమర్త్యునికి పదియేండ్లు నిండలేదు. అన్నముకొరకు శాంతినికేతనపు బాటవెంట వచ్చు జనమునకు, ఇంటికొక్కటి చొప్పున, సిగరెట్టు డబ్బాడు బియ్యము కొలిచి పెట్టుటకు తాతగారు అతనికి సెలవిచ్చిరి. ఆ కరవున ఇరువది ముప్పది లక్షలమంది చనిపోయిరి. పదునెనిమిదవ యేట, కలకత్తాలో చదువుకొనుచున్న కాలమున, అతని నోటిలో నొక గడ్డ లేచెను. వైద్యులు మొదట దానిని లెక్కచేయలేదు. అతడు తానే వైద్యగ్రంథములు తెచ్చి చదివి, అది పుట్టకురుపు కావచ్చునని యనుమానించెను, పరీక్షింపగా నిజమాయెను. 1952లో తీవ్రమైన కిరణచికిత్స చేయించుకొని బ్రతికెను. అమర్త్యుడను పేరు ఆ గడ్డను కరగించలేదు. తన దేహమును తాను గమనించుకొను బుద్ధియు, చికిత్సయు కరగించినవి.

అయినచో ఆ పేరు వ్యర్థమేనా? కాదని నా యభిప్రాయము. చిన్ననాట డబ్బాతో బియ్యము కొలిచిన బాలుడు పెద్దవాడై, జనులు కరవులో నెందులకు చత్తురను ప్రశ్నను తన విద్యకు ముఖ్యవిషయముగా జేసికొనెను. 1981లో ప్రకటించిన గ్రంథమునందు, బంగాళపు కరవునకు ధాన్యపు కొరత యొక్కటే కారణము కాదనియు, ధాన్యము కొనుటకు కూలివారికి శక్తి లేకపోవుటయే ముఖ్యకారణమనియు వివరించెను. 1998లో అర్థశాస్త్రమునకు నోబెలు బహుమానమందెను. పేరే అతనిచే నిదంతయు చేయించినదని నేననను. అట్లన్నచో మరల తవుటి కథయే యగును. కాని పెట్టినవారి కోరిక యట్టిది, ఆ బిడ్డ బ్రదుకు నట్టిది. రెండును ఒకదానికొకటి సిగ్గు కలిగింపలేదు. పేరునుండి యింతకంటె నెక్కువ కోరరాదు.

ఆ యమర్త్య సేనుగారే 1990లో మరియొక లెక్కను లోకము ముందుంచిరి. స్త్రీపురుషులను సమానముగా పోషించి, సమానముగా వైద్యము చేయించినచో లోకమున నుండవలసిన స్త్రీలలో పదికోట్లమందికి పైగా లేకపోయిరని వారు గణించిరి. చావులేని పేరు గలవాడు చచ్చిన యాడుబిడ్డలను లెక్కింపవలసి వచ్చెను. మహారాష్ట్రమునందలి సతారా మండలమున నకుశా యను పేరు పెట్టు వాడుక యుండెడిది. అక్కరలేనిదని దాని యర్థము. కొడుకును కోరిన యింట కూతురి మీద కూతురు పుట్టినప్పుడు ఆ పేరు పెట్టెడివారు. 2011వ సంవత్సరము అక్టోబరు మాసమున అట్టి 285 మంది బాలికలకు ప్రభుత్వోద్యోగులు సభ చేసి క్రొత్త పేళ్లు పెట్టించిరి. తవిటమ్మ తల్లి మృత్యువుతో, ఈ పిల్ల నాకక్కరలేదని బొంకినది. నకుశా తలిదండ్రులు ఆ మాటను బిడ్డతోనే నిజముగా చెప్పిరి. పేళ్లలో హింస గలదా యని యడుగువారికి నేనీ పేరును చూపుదును.

కావున అమృతార్థకమైన పేరు కొడుకునకు పెట్టినంత యిష్టముగా కూతురునకును పెట్టవలెను. మగవానికి మృత్యుంజయుడని పెట్టి, పిల్లకు ఇంట తోచిన పేరేదో చాలునను వాడుక పోవలెను. ఆడుపిల్లకు అమృత మంచి పేరు. తిప్పతీగకు సంస్కృతమున ఆ పేరే యున్నది. తీగను కోసి దూలమునకు వ్రేలగట్టినను కొన్ని దినములకు చిగుర్చును. ఆ పేరు పెట్టదలచినవారు దొడ్డిలో ఆ తీగనొకసారి చూచినచో, నిఘంటువు చెప్పినదానికంటె నెక్కువ తెలియగలదు.

ఇక వ్యవహారపు మాటలు కొన్ని. పతంజలి మహాభాష్యమున కొడుకునకు పెట్టు పేరు రెండుగాని నాలుగుగాని యక్షరములు గలదై యుండవలెనను పూర్వుల మాట యుదాహరింపబడినది. అక్షరముల లెక్కను నేను పట్టించుకొనను. పొట్టిపేరు మేలనుటకు మాత్రము దానిని ఒప్పుకొందును. మృత్యుంజయుడను పేరును మూడేండ్ల పిల్లవాడు పలుకలేడు. బడిలో నది జయుడో జయ్ యో యగును. మరియు నింగ్లీషు లిపిని తలచుకొనవలెను. 'ఋ'కారమునకు ఆ లిపిలో నక్షరము లేదు. అమృత యను పేరును ఉత్తరదేశస్థులు ఐ యను నక్షరముతోను, మనవారు యూ యను నక్షరముతోను వ్రాయుదురు. 'త' దగ్గర మనవారు హెచ్ చేర్చుదురు, వారు చేర్చరు. ఒక్క పిల్ల పేరే బడి పత్రికలో నొకతీరున, పట్టాదారు పాసుపుస్తకములో మరియొకతీరున నుండి, ఇరువురు మనుష్యులుగా న్యాయస్థానము ముందర నిలిచినది నేనెరుగుదును. ఎట్లు వ్రాయుదురో తలిదండ్రులు మొదటిదినముననే నిశ్చయించుకొని మరల మార్చకుందురు గాక.

1969వ సంవత్సరపు జనన మరణముల నమోదు చట్టము ననుసరించి జననమును 21 దినములలో తెలుపవలెను. పేరు తోచలేదని నమోదును ఆపవలసిన పనిలేదు. పేరు లేకయే నమోదు చేయించి, తరువాత పండ్రెండు నెలలలోపల రుసుము లేకుండ పేరు చేర్పించవచ్చును. ఈ చట్టమును 2023లో సవరించిరి. ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టినవారికి బడిలో చేరుట మొదలైన వానికి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి నిదర్శనము. కాబట్టి వాదములు ఇంటిలో ఎన్నాళ్లు జరిగినను జరుగనిచ్చి, ఉద్యోగి పుస్తకములో మాత్రము బిడ్డ పుట్టుకను వెంటనే వ్రాయింపవలెను.

నా కక్షిదారునితో నేనీ మాటలన్నియు చెప్పలేదు. అమృత యని పెట్టుకొమ్మనియు, వైద్యశాలలో నిచ్చిన టీకాల కార్డులోని తేదీలను తప్పవద్దనియు మాత్రము చెప్పితిని. తల్లి మాట యేమి చేయవలెనని యతడడిగెను. ఆమె ఇద్దరు మనుమలను మట్టిలో పెట్టినది, ఆమెతో వాదింపవద్దంటిని. సంక్రాంతి వెళ్లిన తరువాత వ్యాజ్యము వాయిదాకు వచ్చినప్పుడు పిల్లనుగూర్చి యడిగితిని. ధ్రువపత్రములో అమృత యని వ్రాయించినాడట. ముసలమ్మ ఇంట తవిటీ యనియే పిలుచుచున్నదట. టీకాల కార్డు ఆమె పెట్టెలోనే యున్నదనియు, తరువాతి తేదీ యెప్పుడని వారమువారము చదివించుకొనుచున్నదనియు అతడు చెప్పెను.