షాదరా కాగితం ఏ జిల్లాది?

నోయిడా

రవీ,

ఆదివారం ఢిల్లీ మహిళా హాట్ పాత పుస్తకాల బజారులో నువ్వు కొన్న ఉర్దూ స్టాంపు కాగితం ఫొటో చూశాను. బేరం బాగానే ఆడావు. ముందువైపు ఒక్కటే పంపావేంరా? స్టాంపు కాగితానికి వీపు చూడాలి. స్టాంపు అమ్మినవాడు వరుస నంబరు, అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు అక్కడే రాస్తాడు. పత్రం రాసిన తేదీకన్నా స్టాంపు కొన్న తేదీ తర్వాతిదైతే అనుమానించు.

నువ్వు దాన్ని మాఫీ సనదు, అంటే శిస్తు లేని భూమికిచ్చిన పత్రం, అంటున్నావు. సర్కారు తానిచ్చే సనదుకి ఫొటోలో ఉన్న ఈ కోర్టు ఫీజు స్టాంపు దేనికి? కింద 'నకల్ ముతాబిక్ అసల్' అని గొలుసుకట్టులో ఉందేమో వెతుకు. ఉంటే అది నకలు. చిన్నబుచ్చుకోకు. నకలు తీయించారంటే బహుశా ఎక్కడో తగాదా నడిచింది, దానికో ఫైలుండాలి. నాకైతే ఒంటరి సనదుకన్నా తగాదా ఉన్న నకలే ముద్దు.

ఆ ఫైలు ఎక్కడ? కాగితం 1890ల నాటిది, ఊరు షాదరా. ఇవాళ ఢిల్లీయే కదా అని ఢిల్లీ రికార్డుల్లో పడకు. 1858 నుంచి ఢిల్లీ పంజాబు కింద ఉంది, 1912 అక్టోబరు 1న విడి ప్రావిన్సయింది. యమున అవతలి 65 ఊళ్లు 1915లో గాని దాన్లో కలవలేదు. అంతవరకూ షాదరా మీరట్ జిల్లా. కాబట్టి మీరట్ జిల్లా రికార్డులు వెతుకు.

మన గోదావరి జిల్లాల్లో ఈ పని కాస్త సుళువు. 1858లో మద్రాసు సర్కారు వేసిన ఇనాం కమిషన్ ఇచ్చిన టైటిల్ డీడు మీద నంబరుంటుంది. దాన్ని పట్టుకుని ఇనాం ఫెయిర్ రిజిస్టరు తీస్తే ఇనాందారు, విస్తీర్ణం, కట్టాల్సిన జోడి (నామమాత్రపు శిస్తు) అన్నీ తెలుస్తాయి. ఏడాది ఫసలీలో ఉంటే 590 కలుపు, ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

ఇకమీద కాగితాలు కొనేటప్పుడు పంచ్ చేసిన చిల్లు, ఫైలు నంబరు, ఆఫీసు సీలు కనిపిస్తే ఎంత చౌకైనా కొనకు. సర్కారీ కట్టలోంచి జారిందేమో. అనుమతి లేకుండా పబ్లిక్ రికార్డును దేశం దాటించినా, నాశనం చేసినా 1993 పబ్లిక్ రికార్డ్స్ చట్టం ప్రకారం అయిదేళ్ల దాకా జైలు. నీ కాగితాన్ని అమెరికాలో ఉన్న మీ బావకి కానుకగా పంపుతానన్నావు, అదీ వద్దు. చారిత్రక విలువున్న పత్రానికి 75 ఏళ్లు నిండితే 1972 పురావస్తు చట్టం కిందికొస్తుంది, దేశం దాటించకూడదు.

స్టాంపు బొమ్మ కత్తిరించి అమ్మే మహానుభావులున్నారు, వాళ్లకి చూపించకు. లామినేషన్ చేయించకు. ముందుగా వెనకవైపు ఫొటో తీసి పంపు. వచ్చే వారం జన్‌పథ్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌కి వెళ్దాం. ఈలోగా వాళ్ల వెబ్‌సైటు అభిలేఖ్ పటల్‌లో మీరట్ పేరుతో వెతికి, దొరికిన నంబర్లు రాసిపెట్టు. పెన్సిల్ తెచ్చుకో.

తాతయ్య