వసంతారంభమున ప్రకృతి పరిశీలనము

మాఘము గడచి ఫాల్గుణము ప్రవేశింపగానే చలి తగ్గును; మామిడిపూత పిందె కట్టును; ఆకు రాల్చిన మోదుగ కొమ్మలు ఎఱ్ఱని పూవులతో నిండును. ప్రకృతిపాఠమునకు ఇంతకంటె తగిన కాలము లేదు. ఈ సంవత్సరము ఆ దినములలో మేము ఎనిమిదవ తరగతి విద్యార్థులతో కూడి, ప్రతిదినము ఉదయము మొదటి గంటకు పూర్వము అరగంటసేపు పాఠశాల తోటలోను, చెరువుగట్టు మీదను నడచితిమి. అప్పుడు చూచినవానిలో కొన్నింటిని, వానివలన మేము నేర్చుకొనిన యొక పాఠమును ఇందు వ్రాయుచున్నాము.

మొదటి వారము పక్షులకే చెల్లెను. గోరువంకలును తేనెపిట్టలును మోదుగపూవులలో ముక్కులుంచి తేనె త్రాగుచుండగా వాని తలలకు పుప్పొడి యంటును. ఆ పుప్పొడి మఱియొక చెట్టు పూవును చేరుటవలననే కాయలు పట్టుచున్నవి. మఱ్ఱికొమ్మపై కంసాలిపిట్ట, రాగిరేకును సుత్తితో కొట్టినట్లు టుక్ టుక్ మని విడువక కూయుచుండెను. కోకిల విషయమున పిల్లలకు మిక్కిలి ఆశ్చర్యము కలిగెను. నల్లనై, తీయగా కూయునది మగపక్షి. ఆడుపక్షి గోధుమవన్నె మేనిపై తెల్లని చుక్కలు గలది. దానికి ఆ పాట లేదు. దానిని చూచి పలువురు వేఱొక జాతి పక్షి యనుకొనిరి.

రెండవ వారమున తరగతిగది గోడపై నొక కందిరీగ తడిమట్టి యుండలు తెచ్చి, చిన్న కుండలవంటి గూళ్లు కట్టుచుండెను. పచ్చని ఆకుపురుగులను ఒక్కొక్కటిగా తెచ్చి లోపల నింపి, మూతిని మట్టితో మూసెను. మేము వెంటనే భ్రమరకీటక న్యాయమును వివరించితిమి. భ్రమరము పురుగును గూటిలో నుంచి ఝంకారము చేయగా, ఆ పురుగు భయముచే దానినే తలంచుచు తుదకు భ్రమరమే యగునని పెద్దలు చెప్పుదురు. చిన్ననాట విన్నదానిని విచారింపక చెప్పితిమి.

అంతట నొక బాలుడు లేచి, “అయ్యా, గూడు మూసి అది వెళ్లిపోయినది గదా! ఇక ఝంకారము చేయునదెవరు?” అని యడిగెను. మాకు సమాధానము తోచలేదు.

గూళ్లు మూడు గలవు. మొదటిదానిని మూసిన మఱునాడు మెల్లగా విప్పితిమి. అందు ఐదు పురుగులు ప్రాణముతోనే యుండియు ప్రాకలేకుండెను; పైకప్పునుండి సన్నని పోగున నొక గ్రుడ్డు వ్రేలాడుచుండెను. రెండవదానిని ఆఱవ దినమున విప్పగా, గ్రుడ్డు లేదు. కాళ్లులేని తెల్లని పిల్లపురుగొకటి ఆకుపురుగును తినుచుండెను. మూడవదానికి పలుచని గుడ్డ కట్టి విడిచితిమి. కొన్ని వారములకు మట్టిని తొలుచుకొని అందుండి క్రొత్త కందిరీగ వెలువడెను.

సంగతి తేటపడినది. తల్లి తన కొండితో కుట్టి పురుగులను చంపక కదలలేనట్లు చేయును. కావున అవి కుళ్లక పిల్లకు తాజా ఆహారమగును. పురుగు కందిరీగ కాలేదు. కందిరీగ బిడ్డ పురుగును తినెను. న్యాయము ఉపమానముగా చక్కనిదే. కాని జంతుశాస్త్రము కాదు. మఱునాడు తరగతిలో మా పొరపాటును ఒప్పుకొని, నల్లబల్లపై సరియైన సంగతిని వ్రాసితిమి. ఆ బాలునిచేతనే పటము గీయించితిమి.

ఫ్రాన్సుదేశమున జాన్ ఆన్రీ ఫాబర్ (1823–1915) అను నాతడును ఉపాధ్యాయుడే. వేటాడు కందిరీగల నడవడిని అవి తిరుగు తావులనే కూర్చుండి, ఏండ్ల తరబడి ఓర్పుతో పరిశీలించి వ్రాసెను. ఆతని ముఖ్యసాధనములు కన్నులును ఓర్పునే. అవి మనకును గలవు.

విద్యార్థులారా! ఒక నోటుపుస్తకము తీసికొని ప్రతి పుటను నిలువుగా రెండు భాగములు చేయుడు. ఎడమవైపున “చూచినది” అనియు, కుడివైపున “అనుకొన్నది” అనియు వ్రాయుడు. తేదీ, వేళ, చోటు మఱువకుడు. కుడివైపుది ఎడమవైపునకు దాటవలెనన్న, మరల వెళ్లి చూడవలెను. ఉండేలును ఇంటనే విడిచి రండు. గూళ్లను అవసరము లేక విప్పకుడు. గురువు చెప్పినను, గ్రంథము చెప్పినను, కంటితో చూడదగినదానిని చూచియే నమ్ముడు. అట్లు ప్రశ్నించిన శిష్యుని చూచి గురువు సంతసింపవలెనని ఈ సంవత్సరము మేమును నేర్చుకొంటిమి.