మందులు ఇంకా అయిపోలేదా?

పెళ్లిళ్లలో, పేరంటాల్లో మనం మామూలుగా అడిగేసే మాట ఒకటుంది. “ఏమ్మా, మందులు ఇంకా అయిపోలేదా?” అడిగేవాళ్లకు చెడు ఉద్దేశమేమీ ఉండదు. జ్వరానికి అయిదు రోజులు, టీబీకి ఆరు నెలలు, అలాగే క్యాన్సర్‌కూ ఓ లెక్క ఉంటుందనుకుంటాం. నాలుగో స్టేజి రొమ్ము క్యాన్సర్‌కు ఆ లెక్క లేదు చెల్లీ. జబ్బు రొమ్ము దాటి ఎముకల్లోకో, కాలేయంలోకో, ఊపిరితిత్తుల్లోకో, మెదడులోకో పాకాక, వైద్యం చేసేదల్లా దాన్ని అదుపులో ఉంచడమే. ఒక మందు పనిచేసినన్నాళ్లు అదే వాడతారు. అది మొరాయిస్తే ఇంకోటి. మధ్య మధ్యలో స్కాన్. కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు. ఆ ఏళ్లలోనే ఆ జబ్బున్నామె వంట చేస్తుంది, ఉద్యోగానికి వెళ్తుంది, పిల్లల ఫీజులు కడుతుంది, మీ ఇంటి నోముకు వచ్చి తాంబూలం తీసుకుంటుంది. హార్మోను మాత్రల మీద ఉన్నామెకు జుట్టు కూడా నిక్షేపంగా ఉంటుంది. అది చూసి “బాగానే ఉన్నావుగా” అనేస్తాం.

అక్టోబరు వస్తే ఊరంతా గులాబీ రిబ్బన్లే. ముందే కనిపెడితే నయమవుతుందని పోస్టర్లు. నిజమే, అవి ఉండాల్సిందే. నటి గౌతమి లాంటివాళ్లు తమ కథ బయటపెట్టబట్టే ఎంతోమందికి పరీక్షకు వెళ్లే ధైర్యం వచ్చింది. కానీ నాలుగో స్టేజి ఆమె ఆ పోస్టర్ ముందు నిలబడితే ఏమని చదువుకుంటుంది? ‘నువ్వే ఆలస్యం చేశావు’ అని. మొదటి స్టేజిలోనే దొరికి, ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ పద్ధతిగా చేయించుకున్నా, ఏళ్ల తర్వాత ఎముకల్లో బయటపడేవాళ్లు ఉన్నారు. అందులో ఆమె తప్పేముంది? అక్టోబరు 13ను ఇలాంటి ముదిరిన జబ్బుతో బతుకుతున్నవాళ్ల కోసమని అమెరికాలో 2009లోనే ప్రకటించారు. మన దగ్గర వేదిక మీద మైకు మాత్రం ఇప్పటికీ జబ్బు తగ్గినవాళ్లకే.

ఇక మన ఇళ్లలో నడిచే నాటకం సంగతి. రిపోర్టుల ఫైలు కొడుకు చంకలో ఉంటుంది. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపలికెళ్లి, “అమ్మకు చెప్పకండి సార్, తట్టుకోలేదు” అంటాడు. ప్రేమతోనే అంటాడు పాపం. ఆ బెంచీ ఎదురుగా గోడ మీద ఏ విభాగమో బోర్డు ఉంటుంది. ఆమెకు చదువు రాదా? ఒకవేళ రాకపోయినా, ఎన్నడూ గడప తొక్కని ఆడపడుచు యాపిల్ పళ్లతో దిగితే అర్థం కాదా? ఇదే జబ్బున్న మా తోటికోడలు నాతో అన్న మాట విను. “అక్కా, నాకేమీ తెలియదని వాళ్లంతా నాటకమాడుతున్నారు. నాకు తెలిసిపోయిందని వాళ్లకు తెలియకూడదని నేను చస్తున్నాను.”

ఈ దాగుడుమూతల్లో ఆమె చెప్పాల్సినవన్నీ ఆగిపోతాయి. లాకర్లో ఉన్న కాసులపేరు ఏ కూతురికి, బ్యాంకు ఖాతాకు నామినీ ఎవరు, వచ్చే నెల కీమోకు ఒళ్లు ఒప్పుకోకపోతే వద్దనొచ్చా లేదా... ఇవి తేల్చాల్సింది ఆమె. అసలు మనిషిని బెంచీ మీద ఉంచి మిగతావాళ్లంతా తేల్చేస్తారు.

మందుతో చేతులు పడే బాధ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నేను దగ్గరగా చూశాను. కెపసిటబిన్ అని కీమో మాత్రలు. సూది గుచ్చుకోవక్కర్లేదు, ఇంట్లో అన్నం తిన్నాక వేసుకోవచ్చు, అందుకని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చాలామందికి కొన్నాళ్లకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండుతాయి. వేళ్ల కొసల మీద తోలు ఉల్లిపొరలా లేచొస్తుంది. ఆ చేత్తో పచ్చిమిరపకాయలు తుంచి చూడు, చింతపండు పిసికి చూడు! మా తోటికోడలు చెంచాతో పులుసు కలిపేది. గిన్నెలు తోమడానికి మాత్రం చెంచా పనికిరాదుగా. ఒకరోజు రేషన్ షాపులో మిషన్ మీద వేలు పెడితే పడలేదు. ఇంకో వేలు, అదీ పడలేదు. “చెయ్యి కడుక్కుని రామ్మా” అన్నాడు డీలరు. కడుక్కుని వచ్చింది. వెనక లైన్లో వాళ్లు విసుక్కున్నారు. అప్పుడు చూసుకుంటే వేలిముద్రలు అరిగిపోయి ఉన్నాయి. ఇదేదో వింత అనుకోకు. సింగపూర్ నుంచి అమెరికా వెళ్లిన ఒక క్యాన్సర్ పేషెంటును వేలిముద్రలు కనపడట్లేదని విమానాశ్రయంలో గంటల తరబడి ఆపేసిన సంగతి 2009లో వైద్య పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే మందు.

వేలిముద్ర పడకపోతే ఆధార్‌కు కనుపాప స్కాన్ ఉంది, డాక్టరు దగ్గర చీటీ రాయించుకోవచ్చు. ఆ ముక్క మాత్ర రాసిచ్చిన రోజే ఎవరైనా చెప్పి ఉంటే ఆమె ఆ లైన్లో దోషిలా నిలబడేది కాదు. అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకోటి. చేతుల మంట గురించి డాక్టరుకు చెప్పనే లేదట. “చెప్తే మందు ఆపేస్తారేమో అక్కా” అంది. డోసు తగ్గించొచ్చు, కొన్నాళ్లు విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు, రాసుకునే క్రీములున్నాయి, వేడినీళ్లకు దూరంగా ఉండాలి. ఇవన్నీ డాక్టర్లు రోజూ చెప్పే సంగతులే. ఆమె చెప్పలేదు, వాళ్లు అడగలేదు.

నొప్పి దగ్గరా ఇదే కథ. ఎముకల్లోకి వెళ్లిన జబ్బు రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. మార్ఫిన్ పేరెత్తగానే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అలవాటైపోతుందని ఒకరు, ఇక ఆఖరి రోజులేనని ఒకరు. డాక్టరు చెప్పిన లెక్కన నొప్పికి వాడితే అది కూడా మందే. మలబద్ధకం చేస్తుంది, దానికి తోడుగా ఇంకో మందు ఇస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం భయానికి చాలా ఆస్పత్రులు కూడా మార్ఫిన్ జోలికి పోయేవి కావు. 2014లో ఆ నిబంధనలు సడలించారు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి, బాధ తగ్గించడానికో విభాగమే ఉంది. తెలంగాణలో జిల్లాల్లో ‘ఆలన’ పేరుతో ఇంటికొచ్చి చూసే బృందాలున్నాయి. ఇలా నొప్పిని, బాధను తగ్గించే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. నడిచే వైద్యం మానక్కర్లేదు, దానితోపాటే తీసుకోవచ్చు. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. ఒక్కటి మాత్రం మరిచిపోకు. వెన్నునొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఆడవాళ్లం కాబట్టి ఈ ముక్క కూడా మన మధ్య అనేసుకుందాం. హార్మోన్లను అణిచే మందులతో నలభై ఏళ్లలోపే ముట్లు ఆగిపోతాయి, ఒళ్లంతా ఆవిర్లు, కింద పొడిబారి మంట. మొగుడు దగ్గరికొస్తే నొప్పి, రాకపోతే ‘నేనిక పనికిరాను’ అని దిగులు. హార్మోన్లు లేని జెల్లులు మందుల షాపులోనే దొరుకుతాయి. డాక్టరమ్మ దగ్గర సిగ్గుపడకుండా అడగాలి. ప్రాణం మీదికొస్తే ఈ సరదాలేంటి అనే పెద్దావిడ పక్కనుంటే ముందు ఆవిణ్ని బయటికి పంపాలి.

డబ్బు గురించి చెప్పేదేముంది, అందరికీ తెలిసిందే. కేరళలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగిని రైబోసైక్లిబ్ అనే మందుకు నెలకు యాభై ఎనిమిది వేలకు పైగా పెట్టలేక, ఇది మామూలు మనుషులకు అందేలా చూడండని 2022లో హైకోర్టు మెట్లెక్కింది. తీర్పు రాకుండానే పోయింది. రైబోసైక్లిబ్ కోవలోదే పాల్బోసైక్లిబ్. దాని పేటెంట్ 2023 జనవరిలో ముగిశాక మన కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. పాత ధర విని మానుకున్నవాళ్లెవరైనా ఉంటే ఇంకోసారి డాక్టరును కదిలించాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలైంది, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. వాడే మందు అందులో ఉందో లేదో ఆస్పత్రి కౌంటర్లోనే తేల్చుకోవాలి. కానీ బస్సు చార్జీలు, సత్రం అద్దె, వెంట వచ్చినవాడి పోయిన కూలి, ఇవి ఏ కార్డులోకీ రావు.

స్కాన్‌కూ రిపోర్టుకూ మధ్య రోజులుంటాయి చూడు, ఆ రోజుల్లో ఆమెకు ముద్ద దిగదు. పళ్ల బుట్టలు పంపడం తర్వాత, అప్పుడు వెంట వెళ్లు. వైద్యానికి వెళ్లే క్యాన్సర్ పేషెంటుకు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. దానికి ఆస్పత్రి సంతకం చేసిన ఫారం స్టేషన్ కౌంటర్లో ఇవ్వాలి. డాక్టరును కలిసినప్పుడే రాయించి పెట్టుకో, స్కాన్ తేదీ దగ్గరపడ్డాక సంతకం కోసం తిరగడం కష్టం.