రెండు రికార్డ్‌సెట్లు, ఒక వడ్ల లెక్క

సదాశివనగర్ మండలంలో వడ్ల కాంటాలు మొదలయ్యాయంటే కొనుగోలు కేంద్రాల్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు తిండికి కూడా తీరిక ఉండదు. ఆన్‌లైన్‌లో వివరాలు ఎక్కించడం ఒక పని. సొంత లెక్కకు యాక్సెస్‌లో ఫైలు నడుపుకోవడం ఇంకో పని. అందులో రైతుల పట్టిక ఒకటి, కాంటాల పట్టిక ఒకటి ఉంటాయి. రెండూ ఒకేసారి తెరిచి చదవాల్సి వచ్చిన దగ్గరే చెయ్యి తడబడుతుంది.

నాకూ తడబడింది. ఒక కేంద్రానికి రాసిచ్చిన ప్రోగ్రాంలో ఆర్‌ఎస్1 అనే రికార్డ్‌సెట్ రైతులది, ఆర్‌ఎస్2 ఆ రైతు కాంటాలది. రైతుల మీద నడిచే పై లూప్‌నే కాపీ కొట్టి లోపల అతికించాను. లోపలి లూప్ చివర కూడా ఆర్‌ఎస్1 మూవ్‌నెక్స్ట్ అనే ఉండిపోయింది. ఇంకేముంది, కాంటా ఉన్నచోటే నిలబడింది, రైతులు వరసగా జారిపోయారు. మొదటి రైతు 62 బస్తాలే మళ్లీ మళ్లీ కూడుకుంటూ పోయి, జాబితా అయిపోయాక 3021 ఎర్రర్ పడింది. నయమే. ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ పెట్టి ఉంటే అదీ పడేది కాదు, స్క్రీను బిగుసుకుపోయి కూర్చునేది.

అప్పటి నుంచి ఆ అంకెల పేర్లు మానేశాను. ఆర్‌ఎస్‌రైతు, ఆర్‌ఎస్‌కాంటా అని పెడితే తప్పు ఇట్టే కంటబడుతుంది. డిమ్ దగ్గర కూడా ఉత్త రికార్డ్‌సెట్ అనకుండా డీఏఓ.రికార్డ్‌సెట్ అని రాయండి. అలా రాయకపోతే, రిఫరెన్సుల్లో ఏడీఓ పైన ఉంటే 13వ నంబరు టైప్ మిస్‌మ్యాచ్ వస్తుంది. యాక్సెస్ 2000 నాటి పాత ఫైళ్లలో ఇది మామూలే.

నన్నడిగితే, ఉత్త లెక్క చూపించడానికి రెండో రికార్డ్‌సెట్టే దండగ. లెఫ్ట్ జాయిన్‌తో ఒకే క్వెరీ రాసి, రైతువారీగా గ్రూప్ బై చేస్తే చాలు. కలిపేది మాత్రం పేరుతో కాదు, పట్టాదారు పాస్‌బుక్ నంబరుతో. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతమందో మీకు తెలియంది కాదు.

ఒకేసారి రెండు పట్టికల్లో రాయాల్సి వచ్చినప్పుడు మాట వేరు. బస్తాలు లారీకెక్కాయి, లారీలకు విడిగా ఉన్న పట్టికలో కొత్త వరస పడాలి, కాంటా పట్టికలో 'పంపాం' అని మారాలి. మధ్యలో కరెంటు పోతే ఒకటి పడి రెండోది పడకపోవచ్చు. బిగిన్‌ట్రాన్స్‌తో మొదలుపెట్టి, రెండూ పడ్డాకే కమిట్‌ట్రాన్స్ అనండి. ఎర్రరొస్తే రోల్‌బ్యాక్.

సీజనుకు ముందే ముగ్గురు రైతులతో ఒక ఉత్తుత్తి ఫైలు చేసి నడిపి చూడండి. ఒకరికి 62 బస్తాలు ఒకే కాంటాలో వేయండి. బస్తాకు 40 కిలోల చొప్పున 24.80 క్వింటాళ్లు, 2025-26 ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389తో 59,247 రూపాయల 20 పైసలు రావాలి. ఇంకొకరికి రెండు కాంటాలు పెట్టండి. మూడో రైతుకు ఒక్కటీ వద్దు. ఆయన పేరెదురుగా ఖాళీ కనబడితే మొత్తాన్ని ఎన్‌జెడ్‌లో పెట్టి, రెండో విలువగా 0 ఇవ్వండి, సున్నా వస్తుంది.