కెపాసిటర్ల లెక్క: 24 ఎందుకు 48 అయింది?

మేము తెలుగు చెప్పేవాళ్లం. అయినా భౌతికశాస్త్రం మాస్టారు సెలవు పెడితే అరేంజ్‌మెంట్ పీరియడ్‌కు పన్నెండో తరగతికి వెళ్తుంటాం. బదిలీ మీద ఏ రాష్ట్రానికి వెళ్లినా అక్కడి తెలుగు పిల్లలు ఇలాంటి లెక్కతోనే మా దగ్గరకు వస్తారు. సూత్రాలన్నీ ఇంగ్లీషులో కంఠతా వచ్చు. తెలుగులో "ఎందుకు?" అని అడిగితే ఆగిపోతారు.

ఆవేశం లేని 6, 3 మైక్రోఫారడ్ల కెపాసిటర్లను శ్రేణిలో కలిపి 12 వోల్టుల బ్యాటరీకి తగిలించాం అనుకుందాం. ఫలిత కెపాసిటెన్స్ 18 ÷ 9 = 2 మైక్రోఫారడ్లు. (ఈ దగ్గరి దారి రెండు కెపాసిటర్లకే; మూడుంటే వ్యుత్క్రమాలు కూడాల్సిందే.) 12తో గుణిస్తే ఆవేశం 24 మైక్రోకులూంబులు.

ఇక్కడ చాలామంది ఆ 24ను రెండింటికీ పంచేస్తారు. బొమ్మలో మధ్య భాగం చూడండి. మొదటిదాని కుడి పలక, రెండోదాని ఎడమ పలక, వాటిని కలిపే తీగ. ఆ ముక్క బ్యాటరీకి ఎక్కడా తగలడం లేదు. బయటి నుంచి ఒక్క ఎలక్ట్రానూ రాదు, లోపలిది పోదు. మొదట అక్కడ నికర ఆవేశం సున్నా, ఇప్పుడూ సున్నాయే. ఒక పలక మీద –24 చేరితే రెండో పలక మీద +24 ఉండి తీరాలి. కాబట్టి ఒక్కో కెపాసిటర్ మీద 24.

పంచుకునేది వోల్టేజీని: 24 ÷ 6 = 4, 24 ÷ 3 = 8 వోల్టులు. చిన్న కెపాసిటర్‌కే ఎక్కువ. శక్తి అంటే ఆవేశం, వోల్టేజీల లబ్ధంలో సగం: 48, 96, మొత్తం 144 మైక్రోజౌళ్లు.

ఇప్పుడు బ్యాటరీ తీసేసి, కెపాసిటర్లను విడదీసి, ధన పలకను ధన పలకకు, రుణ పలకను రుణ పలకకు కలపండి. మొత్తం ఆవేశం? "బ్యాటరీ ఇచ్చింది 24 కదా" అంటారు. మార్కులు పోయేది ఇక్కడే. +24 ఉన్న పలకలు రెండు కలిశాయి, కనుక 48. ఆ రెండో 24 మధ్య ముక్కలోదే. విడదీయగానే తన –24 నుంచి వేరైంది.

సమాంతరంలో కెపాసిటెన్స్ 9, వోల్టేజీ 48 ÷ 9, అంటే సుమారు 5.33. శక్తి 128 మైక్రోజౌళ్లు. తగ్గిన 16 ఏమైంది? 8 వోల్టుల కెపాసిటర్ నుంచి 4 వోల్టుల దానికి ఆవేశం పారేటప్పుడు ముఖ్యంగా తీగల్లో వేడిగా పోయింది. మందపు తీగ వేస్తే నష్టం తగ్గుతుందా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. తగ్గదు, ఆ 16 త్వరగా పోతుందంతే. చివరి వోల్టేజీని నిర్ణయించేది తీగ కాదు, ఆ 48.

ధన పలకను రుణ పలకకు కలిపితే 144లో ఎంత మిగులుతుందో మీరే చేసి చూడండి.